స్టౌర్‌హెడ్ తోట: నాలుగు కాలాలు, ఒకే ఫ్రేమ్ (నా అనుభవం)

ఇంగ్లండ్‌లోని విల్ట్‌షైర్‌లో స్టౌర్‌హెడ్ ఎస్టేట్ ఉంది. 18వ శతాబ్దంలో హెన్రీ హోర్ అనే బ్యాంకర్ నీళ్లకు కట్ట కట్టించి అక్కడ చెరువు చేయించాడు. ముందు రాతి వంతెన, అవతలి ఒడ్డున పాంథియన్ అనే గుమ్మటమున్న గుడిలాంటి కట్టడం. ఇంత అందంగా కుదిరిన దృశ్యం నేను ఇంకెక్కడా చూడలేదు. దాన్నే ఏడాది పొడవునా తీశాను. కానీ ఫోటోలు పక్కపక్కన పెడితే ఒకదానితో ఒకటి కలవలేదు. అక్టోబరులో మండిపోయే మేపుల్ ఆకులు కూడా చప్పగా వచ్చాయి.

రంగు పోవడానికి కారణం ఆటో వైట్ బ్యాలెన్స్, అంటే వెలుగుని బట్టి కెమెరా తనంతట తానే రంగులు సరిచేసే సెట్టింగ్. ఫ్రేమంతా నారింజ రంగు నిండితే, కెమెరా అది దీపం వెలుగనుకుని నీలం కలిపేస్తుంది. దాన్ని డేలైట్‌కి (పగటి వెలుగుకి), అంటే వెలుగు రంగుని కొలిచే లెక్కలో దాదాపు 5,200 కెల్విన్‌కి మార్చాక ఆకుల ఎరుపు తిరిగొచ్చింది.

చోటు కలపడానికి మొదటి ఫోటోని ఫోన్‌లో పెట్టుకున్నా. వంతెన అంచుకీ, అవతలి పాంథియన్‌కీ మధ్య ఎంత సందు కనిపిస్తోందో చూస్తూ ట్రైపాడ్ జరిపేవాణ్ణి. సందు సరిపోతే చోటు సరిపోయినట్టే. జూమ్ మానేసి 50 ఎంఎం లెన్స్ ఒక్కటే వాడాను.

నూగుమంచు పట్టిన పొద్దున గడ్డి బూడిద రంగులో వస్తుంది, ఎక్స్‌పోజర్ (కెమెరాలోకి వచ్చే వెలుగు) ఒక స్టాప్, అంటే రెట్టింపు, పెంచాలి. డిసెంబరులో అక్కడ మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు సుమారు 15 డిగ్రీల ఎత్తే ఎక్కుతాడు, జూన్‌లో 62. అందుకే చలికాలం మధ్యాహ్నం వెళ్లినా వెలుగు మెత్తగానే ఉంటుంది. ఎండాకాలమైతే పొద్దున్నే వెళ్లాలి. నీళ్లలో నీడ బాగా రావాలంటే పోలరైజర్ (మెరుపుల్ని, ప్రతిబింబాల్ని తగ్గించే ఫిల్టర్) తీసేయండి.