మాటతీరు గమనించడం – 3వ పాఠం: లంకె తెగే చోటు

పోయిన పాఠంలో మాట వేగం చూశాం. ఈసారి ఒక వాక్యానికీ తర్వాతి వాక్యానికీ మధ్య ఉండే లంకె. స్కిజోఫ్రెనియా వంటి మానసిక జబ్బుల్లో ఆలోచన చెదిరిన సంగతి బయటికి తెలిసేది ఎక్కువగా ఇక్కడే. 1979లో అమెరికా సైకియాట్రిస్టు నాన్సీ ఆండ్రియాసెన్ మాటతీరులోని తేడాలను 18 రకాలుగా నిర్వచించారు. మనకివాళ మూడు చాలు.

"రాత్రి నిద్ర పట్టిందా?" అని మీరు చూసుకునే మనిషిని అడిగారనుకోండి. జవాబు మూడు రకాలుగా రావచ్చు.

"పట్టింది. పట్టుచీరలు చిక్‌పేటలో దొరుకుతాయి. పేట కింద మెట్రో తవ్వారు, మా తాత పొలం అందుకే పోయింది." విడివిడిగా ఏ వాక్యానికీ వంక పెట్టలేం. కానీ 'పట్టింది' నుంచి 'పట్టు'కి శబ్దం మీదే జారిపోయారు, మళ్లీ నిద్ర దగ్గరికి రాలేదు. ఇది డీరైల్‌మెంట్.

"మంచానికి టేకు మంచిది." మొదటి జవాబే పక్కకు పోయింది. ఇది టాంజెన్షియాలిటీ.

"పక్కింట్లో పెళ్లండి, మైకులు ఆపేసరికి పదకొండు, ఆపైన దోమలు... మూడింటికి పట్టింది." ముక్కేదంటే తల చుట్టూ తిప్పి చూపారు, అయినా చూపారు. ఇది సర్కమ్‌స్టాన్షియాలిటీ. ఎందరో పెద్దవాళ్ల మాట ఇంతే. దీన్నొక్కదాన్నే పట్టుకుని జబ్బు అనకండి.

బెంగళూరులో ఇంకో పొరపాటు తేలిగ్గా జరుగుతుంది. "సుమ్నే అడిగా, కెలస ఎక్కువైంది" (ఊరికే అడిగా, పని ఎక్కువైంది) అని కన్నడ కలిపే మన తెలుగు వినేవారికి అతుకుల బొంతలా ఉండొచ్చు. భాష మారినా విషయం మారకపోతే లంకె తెగనట్టే. తెలుగులో కర్తను వదిలేయడమూ మామూలే. "తీసుకెళ్లిపోయారు" అంటే "ఎవరు?" అని ఒక్కసారి అడగండి. వెంటనే పేరు చెబితే సరే. అడిగిన కొద్దీ ఇంకా చిక్కుపడితే రాసుకోండి.

రాయడమే అసలు పని. అయిదు నిమిషాలు అడ్డు రాకుండా విని, మీ ప్రశ్న, వారి జవాబు ఉన్నదున్నట్టు రాయండి. తేదీ, రాత్రి ఎన్ని గంటలు పడుకున్నారో, మందు వేసుకున్నారో లేదో కూడా. "అడ్డదిడ్డంగా మాట్లాడాడు" అని రాస్తే నిమ్హాన్స్ (బెంగళూరులోని మానసిక, నరాల జబ్బుల ఆసుపత్రి) ఓపీలో డాక్టరుకు ఏమీ తెలియదు, పైగా ఆ మాట మనిషిని నొప్పిస్తుంది. వారి ముందు తప్పులు దిద్దొద్దు, పరీక్ష పెట్టొద్దు. కంగారుపడితే మాట ఇంకా చెదురుతుంది.

మాట గంటల్లో మారి, జ్వరమో మగతో మూతి వంకరో తోడైతే పుస్తకం పక్కన పెట్టి వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. అది మెదడుకు సోకిన ఇన్ఫెక్షనో పక్షవాతమో కావచ్చు. మిగతా సందేహాలకు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416.

అభ్యాసం: ఈ వారం ఇంట్లో ఆరోగ్యంగా ఉన్న ఒకరి మాట, వారికి చెప్పి, అయిదు నిమిషాలు రాయండి. లంకె ఎన్నిసార్లు జారిందో, మళ్లీ ఎలా అందుకున్నారో గుర్తు పెట్టండి. మాట మధ్యలో ఠక్కున ఆగిపోవడం వచ్చే పాఠంలో.