పిల్లీ కుక్కా ఒకే ఇంట్లో, 3వ పాఠం: మెష్ తలుపు

పోయిన పాఠంలో పిల్లి పడుకున్న గుడ్డ కుక్క దగ్గర, కుక్కది పిల్లి దగ్గర వేయమన్నాను. ఆ తర్వాత చాలామంది దగ్గర జరిగింది ఒకటే: రెండూ వాసన చూసి ఊరుకున్నాయి కదా అని పిల్లిని ఎత్తుకుని కుక్కకు చూపించారు, ఇల్లంతా రభస. అందుకే ఇవాళ వేరే సంగతులు ఆపి దీని గురించే చెప్తాను.

పిల్లిని ఎత్తుకుని చూపించకండి. ఒళ్లో పెట్టుకునీ వద్దు, "నేను గట్టిగా పట్టుకుంటాలే" అనీ వద్దు. భయమేస్తే పిల్లి ముందు పారిపోవాలనే చూస్తుంది, ఆ దారి మీ చేతులతో మీరే మూసేస్తే ఇక దానికి మిగిలేది గోళ్లూ పళ్లే, అవి దిగేది మీ మెడలో. గీరినా కరిచినా పారే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. క్యారియర్‌లో, అంటే పిల్లిని బయటికి తీసుకెళ్లే పెట్టెలో, పెట్టి చూపించడమూ ఇలాంటిదే. కుక్క చుట్టూ తిరుగుతుంటే పిల్లి లోపల వణికిపోతుంది, ఆ తర్వాత క్యారియర్ కనిపిస్తే చాలు మంచం కిందికి దూరుతుంది.

రెండూ ఒకదాన్నొకటి చూసుకునేటప్పుడు మధ్యలో గట్టి ఇనప మెష్ తలుపు ఉండాలి. ప్లాస్టిక్ దోమతెర నిలవదు. పిల్లి వైపు ఎక్కడానికి బీరువా పైనో సజ్జ మీదో చోటుంచండి. కుక్కకు హార్నెస్ (ఛాతీ చుట్టూ వేసే పట్టీ), లీష్ (పట్టుకునే తాడు), అంతకుముందు ఒక మంచి నడక. మాట వింటే పెట్టే ముక్కలకు నేను వాడేది ఉడికించిన చికెన్, ఉప్పు లేకుండా; ఉల్లి, వెల్లుల్లి అసలు తగలకూడదు, రెండిటికీ విషమే.

మొరుగుడు కంటే నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది చప్పుడు చేయని కుక్క: నోరు మూసి, ఒళ్లు బిగించి, రెప్ప వేయకుండా చూస్తుంది. అప్పుడు తోక ఊపుతున్నా నమ్మకండి, దూరం తీసుకెళ్లండి. పిల్లి బుసకొడితే తిట్టకండి, దగ్గరికి రావద్దని చెప్తోంది, అంతే.

సాధన: రోజుకు రెండుసార్లు, ఐదేసి నిమిషాలు. కుక్క పిల్లిని చూడగానే పేరు పెట్టి పిలవండి, మీ వైపు తిరిగితే ముక్క పెట్టండి. పిలవకుండానే అదే మీ వైపు తిరగాలి, అలా వరసగా వారం గడవాలి. మధ్యలో ఒక్కరోజు తలుపు మీదికి దూకినా లెక్క మళ్లీ మొదటి నుంచే. ఈలోపు పిల్లి రోజంతా ఏమీ తినకపోతే ఇదంతా ఆపేసి పశువుల డాక్టర్‌కి చూపించండి.