సిమ్యులేషన్ నడుస్తుండగానే ఫలితం చూడడం: నా అనుభవం

ఒక స్విచింగ్ రెగ్యులేటర్ (వోల్టేజీని కావలసిన విలువ దగ్గర నిలిపే) సర్క్యూట్‌ను ఎన్‌జీస్పైస్ అనే సర్క్యూట్ సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్‌లో రాత్రంతా నడిపాను. తెల్లవారి చూస్తే 5 వోల్టులు ఉండాల్సిన అవుట్‌పుట్ 1.25 దగ్గరే నిలిచిపోయి ఉంది. మొదటి పది నిమిషాల్లోనే తెలియాల్సిన తప్పు అది. ఎంత బాధ వేసిందో!

బ్యాచ్ పద్ధతిలో, అంటే లెక్క మొత్తం అయ్యాకే ఫలితం చూసే పద్ధతిలో, నడపడం వల్లనే నాకు మధ్యలో ఏమీ కనిపించలేదు. ఇప్పుడు ఇంటరాక్టివ్ పద్ధతిలో (ఒక్కో ఆదేశం టైపు చేస్తూ) ఫైలు తెరిచి, ‘రన్’ ఇచ్చే ముందు ‘ఐప్లాట్’ అని రాసి పక్కన అవుట్‌పుట్ నోడు (సర్క్యూట్‌లో వోల్టేజీ చూడాల్సిన బిందువు) పేరు ఇస్తున్నాను. లెక్క సాగుతున్నకొద్దీ గీత కళ్లముందే పెరుగుతుంది. అనుమానం వస్తే కంట్రోల్-సి నొక్కుతాను. లెక్క ఆగుతుంది, అప్పటివరకు వచ్చిన విలువలు ఎక్కడికీ పోవు. ‘ప్లాట్’తో మిగతా నోడ్లు కూడా చూసుకుని, బాగుంటే ‘రిజ్యూమ్’ అంటాను. ఆగిన చోటి నుంచే మళ్లీ సాగుతుంది. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే.

రెండోసారి తప్పు నిమిషాల్లో దొరికింది. అవుట్‌పుట్‌ను గమనించి సరిదిద్దే ఫీడ్‌బ్యాక్ భాగంలోని పై రెసిస్టర్‌కు ఒక మెగా ఓమ్ అనుకుని ‘1ఎం’ అని రాశాను. ఎన్‌జీస్పైస్‌కు ‘ఎం’ అంటే మిల్లీ (వెయ్యో వంతు), అక్షరం పెద్దదైనా చిన్నదైనా సరే. మెగా కావాలంటే ‘మెగ్’ అని మూడక్షరాలూ రాయాలి. ఆ రెసిస్టర్ కాస్తా తీగముక్కలా మారి, అవుట్‌పుట్‌ను రెగ్యులేటర్ పోల్చి చూసుకునే రిఫరెన్స్ వోల్టేజీకి, అంటే ఆ 1.25కే, కట్టిపడేసింది. దిద్ది నడిపితే గీత 5 వోల్టులకు ఎక్కింది.