అమ్మ ఫోనుకు రక్షణ: ఇంట్లోవాళ్లు చేయాల్సిన పనులు

హైదరాబాద్‌లో చాలా ఇళ్లలో పిల్లలు పొద్దున్నే మాదాపూర్, గచ్చిబౌలి వైపు ఉద్యోగాలకు వెళ్లిపోతారు. కొందరి పిల్లలు అసలు ఈ దేశంలోనే ఉండరు. మోసగాళ్ల ఫోన్లు అమ్మ ఒక్కతే ఇంట్లో ఉన్న ఆ వేళల్లో వస్తే, పక్కన అడగడానికి మనిషి ఉండరు. అందుకే ఒక ఆదివారం మధ్యాహ్నం తీరిగ్గా ఆమె పక్కన కూర్చోండి. ఫోను మీరు లాక్కోకుండా ఆమె చేతిలోనే ఉంచి, ఒక్కొక్క పనీ ఆమె చేతే చేయించండి.

1. ముందు ఒక మాట ఇవ్వండి

సెట్టింగుల జోలికి వెళ్లకముందే ఈ మాట చెప్పండి: "అమ్మా, ఏం జరిగినా ముందు నాకు చెప్పు. నేను కోప్పడను." నా దృష్టిలో మిగతా పనులన్నిటికన్నా ఇదే ముఖ్యం. డబ్బు పోయాక "పిల్లలు ఏమంటారో" అన్న భయంతో దాచిపెట్టే తల్లులు ఎందరో. అలా దాచిన గంటల్లోనే ఆ సొమ్ము ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు, అక్కడి నుంచి మరికొన్నిటికి జారిపోతుంది. "ఎన్నిసార్లు చెప్పాను నీకు?" అనే ప్రశ్న ఇకపై ఇంట్లో వినిపించకూడదు. ఆ ఒక్క ప్రశ్న వల్లే ఆమె రెండోసారి నోరు విప్పదు.

2. డబ్బును రెండు చోట్ల ఉంచండి

పింఛను, ఫిక్స్‌డ్ డిపాజిట్లు ఉన్న ఖాతాను యూపీఐకి జోడించవద్దు. పాలు, కూరగాయలు, మందులు, ఆటో ఖర్చులకు సరిపడా డబ్బుతో వేరే బ్యాంకులో చిన్న ఖాతా తెరిచి, దాన్నే ఫోనుకు కలపండి. పెద్ద ఖాతాకు సంబంధించిన మొబైల్ బ్యాంకింగ్ యాప్‌ కూడా ఆమె ఫోనులో లేకపోతే మంచిది. చాలా యాప్‌లలో డిపాజిట్‌ను అక్కడికక్కడే రద్దు చేసుకునే వీలుంటుంది. భయపెట్టి డబ్బు లాగేవాళ్లు ఆ పనే చేయిస్తారు.

డబ్బు మన ఖాతాలోకి రావడానికి యూపీఐ పిన్ అక్కర్లేదని కూడా ఆమెకు చెప్పండి. డబ్బు వస్తుందని చెప్పి పిన్ అడిగారంటే డబ్బు పోతోందనే అర్థం.

3. వాట్సాప్ తలుపులు మూయండి

సెట్టింగ్స్‌లో అకౌంట్‌లోకి వెళ్లి టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టించండి. ఆ ఆరంకెల పిన్ ఆమె పుట్టినరోజో, మీ పుట్టినరోజో కాకూడదు. తర్వాత ప్రైవసీలో, గ్రూపుల్లో తెలిసినవాళ్లు మాత్రమే చేర్చేలా మార్చి, తెలియని నంబర్ల కాల్స్ మోగకుండా చేయండి. గ్యాస్ తెచ్చే అబ్బాయి మామూలు ఫోనుకే చేస్తాడు కాబట్టి ఇబ్బందేమీ లేదు.

4. ఏపీకే ఫైళ్లను అడ్డుకోండి

పెళ్లి పత్రిక, ట్రాఫిక్ చలానా, కరెంటు బిల్లు అంటూ వాట్సాప్‌లో ఫైలు వస్తుంది. దాని పేరు చివర ఏపీకే (.apk) అని ఉంటుంది. అది ఫోనులోకి చొరబడి ఓటీపీలను దొంగిలించే యాప్. పెళ్లి పత్రిక ఫొటోగానో, పీడీఎఫ్‌గానో వస్తుందే తప్ప యాప్‌గా రాదు. ఇక్కడ చిక్కేమిటంటే, ఒకరి ఫోను దొంగల చేతికి చిక్కాక అదే ఫైలు వారి పేరుతోనే అందరికీ వెళ్తుంది. పంపింది మేనత్తే అయినా నమ్మడానికి లేదు. ఫోను సెట్టింగ్స్‌లో, తెలియని యాప్‌లను ఇన్‌స్టాల్ చేసే అనుమతి వాట్సాప్‌కు, క్రోమ్‌కు ఉంటే తీసేయండి. ప్లే స్టోర్‌లో, హానికరమైన యాప్‌లను పట్టే ప్లే ప్రొటెక్ట్ ఆన్‌లో ఉందో లేదో చూడండి.

5. దొంగ పోలీసు ఫోనును ముందే సాధన చేయించండి

దీనికి ఎక్కువ సమయం ఇవ్వండి. యూనిఫాం వేసుకున్నవాడు వీడియో కాల్‌లో కనిపిస్తాడు. మీ ఆధార్‌తో మాదకద్రవ్యాల పార్శిల్ వెళ్లిందనో, మీ ఖాతాలో మనీ లాండరింగ్ జరిగిందనో చెప్తాడు. గది తలుపు వేసుకోమంటాడు, ఎవరికీ చెప్పొద్దంటాడు, ఫోను పెట్టేయనివ్వడు. పోలీసు మాటకు ఎదురు చెప్పకూడదని పెరిగిన తరం అది. మాట్లాడుతున్నవారి ఫోను మధ్యలో కట్ చేయడం అమర్యాద అనుకునే తరం కూడా. ఆ మంచితనాన్నే వీళ్లు వాడుకుంటారు.

ఇలా వీడియో కాల్‌లో కట్టిపడేయడాన్ని వాళ్లు డిజిటల్ అరెస్టు అంటారు. అలాంటిది మన చట్టంలోనే లేదు. 2024 అక్టోబరులో ప్రధాని మన్ కీ బాత్‌లోనూ ఈ సంగతే చెప్పారు. కానీ తెలుసుకున్నంత మాత్రాన ఆ క్షణంలో ధైర్యం రాదు. కాబట్టి మీరే ఆ పోలీసులా గద్దించి మాట్లాడండి. "మా అమ్మాయితో కలిసి స్టేషన్‌కే వస్తాను" అని ఒక్క ముక్క చెప్పి ఎరుపు బటన్ నొక్కడం ఆమె చేత నాలుగైదుసార్లు చేయించండి.

మీ గొంతును అనుకరించి "అమ్మా, ప్రమాదం జరిగింది, డబ్బు పంపు" అనే ఫోన్లకూ సిద్ధం చేయండి. ఇంట్లోవాళ్లకే తెలిసిన ఒక రహస్య పదం పెట్టుకోండి. ఫేస్‌బుక్‌లో దొరకని పేరైతే మేలు, అమ్మమ్మగారింటి గేదె పేరులాంటిది. అవతలివాళ్లు అది చెప్పలేకపోతే అమ్మ ఫోను పెట్టేసి, తనకు తెలిసిన మీ నంబరుకు తనే చేయాలి.

6. ఆధార్ వేలిముద్రలకు తాళం

ఆమె వేలిముద్రలను ఇంకొకరు వాడకుండా, ఆధార్ జారీ చేసే సంస్థ యూఐడీఏఐ వెబ్‌సైట్‌లో బయోమెట్రిక్ లాక్ పెట్టవచ్చు. రేషన్ దుకాణానికి వెళ్లే ముందు మాత్రం తీయాలి, లేకపోతే వేలిముద్ర పడదు.

7. డబ్బు పోతే వెంటనే 1930

సైబర్ మోసాలపై ఫిర్యాదు చేసే ఈ నంబరును ఆమె ఫోనులో "సైబర్ పోలీసు" అని తెలుగులో సేవ్ చేసి, ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్‌కు అంటించండి. ఎంత పోయింది, ఏ బ్యాంకు, ఎన్ని గంటలకు, లావాదేవీ నంబరు ఏమిటి, ఇవి సిద్ధంగా ఉంటే సొమ్మును మధ్యలోనే ఆపించే అవకాశం పెరుగుతుంది. బ్యాంకుకు కూడా అప్పుడే ఫోను చేయాలి. మీ కాలనీ ఏ కమిషనరేట్ కిందికి వస్తుందో వెతుకుతూ ఆలస్యం చేయవద్దు. 1930కి ఆ పట్టింపు లేదు. 2024 జులై నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టం ప్రకారం, నేరం ఎక్కడ జరిగినా ఏ పోలీసు స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు.

బెదిరింపు సందేశాలు, స్క్రీన్‌షాట్లు చెరిపేయనివ్వకండి. ఫిర్యాదు చేశాక "మీ డబ్బు తిరిగి ఇప్పిస్తాం, ముందు ఫీజు కట్టండి" అంటూ ఎవరైనా ఫోను చేస్తే వాళ్లూ దొంగలే. ఈ సంగతి ఆమెకు అదే రోజు చెప్పండి.