ప్రీమియం క్రెడిట్ కార్డుకి అప్లై చేసే ముందు చూసుకోవాల్సినవి

కార్డు ఏడాది ఫీజు పక్కన జీఎస్టీ 18 శాతం కలపండి. 10,000 అని చెప్పే కార్డు చేతికొచ్చేసరికి 11,800.

తర్వాత, మీ ఏడాది ఖర్చులోంచి అద్దె, పెట్రోలు, ఫోన్ వాలెట్‌లో వేసే డబ్బు తీసేయండి. వీటికి చాలా కార్డుల్లో పాయింట్లు రావు, లేదా బాగా తగ్గిస్తారు. గచ్చిబౌలిలో నెలకు 65,000 ఖర్చుపెట్టే ఇంట్లో అద్దె, పెట్రోలు పోను కార్డు మీద గీకేది 25,000 మిగిలిందనుకోండి. ఏడాదికి 3 లక్షలు. 150 రూపాయలకు 5 పాయింట్లయితే 10,000 పాయింట్లు. విమానం టికెట్‌కి వాడితే పాయింటు రూపాయి, బిల్లులో తగ్గించుకుంటే 30 పైసలే అయితే? మొదటి దారిలో 10,000, రెండో దారిలో 3,000. రెండూ ఫీజుకి చాలవు! ఏజెంటు చూపించేది మాత్రం ఎప్పుడూ మొదటి లెక్కే.

శంషాబాద్ ఎయిర్‌పోర్టులో లాంజ్ (విమానం కోసం ఆగే ప్రత్యేక గది) ఉచితమంటే, అంతకుముందు మూడు నెలల్లో ఇంత వాడాలన్న షరతుందేమో చూడండి. ఏడాదికి రెండుసార్లు విమానం ఎక్కేవాళ్లకి లాంజ్‌ని లెక్కలో వేయడం దండగ.

ఫీజు మాఫీకి ఎంత వాడాలో, అందులో అద్దె కలుస్తుందో లేదో రాతపూర్వకంగా అడగండి.

బిల్లు పూర్తిగా కట్టలేని నెలలుంటే ఈ కార్డు జోలికి పోవద్దు. చాలా కార్డుల్లో నెలకు 3.5 శాతం, ఇంకా ఎక్కువ కూడా వడ్డీ, దానిమీద జీఎస్టీ.

వద్దనుకుంటే రెన్యువల్‌కి ముందే బాకీ తీర్చి మూసేయమనండి. 7 పనిదినాలు దాటితే రోజుకు 500 బ్యాంకే మీకివ్వాలన్నది ఆర్బీఐ నిబంధన.