నేలపట్టు, పులికాట్ పక్షులను లెక్కపెట్టడం ఎలా

గూడబాతులు (పెలికాన్లు) నేలపట్టు చెరువు చెట్ల మీద గూళ్లు కడతాయి, మేతకేమో పులికాట్ సరస్సుకు పోతాయి. అందుకే ఉమ్మడి నెల్లూరు జిల్లాలోని ఈ రెండు చోట్లా ఒకే రోజు లెక్క జరగాలి. ఒకటి ఈ ఆదివారం, రెండోది వచ్చే ఆదివారం అనుకుంటే ఒకే పక్షి రెండుసార్లు పడుతుంది. జనవరి అనువైన నెల. గూళ్లలో పిల్లలుంటాయి, వలస పక్షులూ ఉంటాయి, ఆసియా నీటిపక్షుల గణన కూడా అప్పుడే. ఫ్లెమింగో పండుగ రోజులు మాత్రం వద్దు. రోడ్డంతా బండ్లే.

పొద్దున ఏడింటికల్లా సూళ్లూరుపేట దాటి, పులికాట్ నడుమ నుంచి పోయే శ్రీహరికోట రోడ్డెక్కండి. చలికాలం ఎండ దక్షిణం నుంచి వాలుతుంది కాబట్టి ఉత్తరం వైపు చూస్తే రంగులు తేటగా తెలుస్తాయి. దక్షిణం వైపు అన్నీ నల్లగానే కనిపిస్తాయి. ఎండ ముదిరితే నీటి మీది గాలి అలలాడి దూరపు పక్షి కంటికి ఆనదు. ఎనిమిది రెట్లు పెద్దగా చూపే 8×42 బైనాక్యులర్ దగ్గరివాటికే సరిపోతుంది. దూరపు గుంపులకు స్టాండు మీద టెలిస్కోప్ ఉండాల్సిందే.

ఫ్లెమింగోల గుంపులో ముందు పదింటిని ఒక్కొక్కటిగా లెక్కపెట్టి, అవి ఎంత మేర పరుచుకున్నాయో కంటికి పట్టించుకోండి. అదే కొలతతో గుంపు చివరిదాకా జరగండి. గుంపు పెద్దదైతే యాభైల చొప్పున. గుంపు నడుమ చిక్కగా, అంచుల్లో పలుచగా ఉంటుంది. నడిమి కొలతే వాడితే లెక్క పెరుగుతుంది, అంచు కొలతే వాడితే తగ్గుతుంది. నడుమా, అంచుల్లోనూ కొలత విడివిడిగా తీసుకోండి. ఇద్దరు ఒకరి అంకె ఒకరికి చెప్పకుండా లెక్కించి, తేడా మరీ ఎక్కువైతే మళ్లీ మొదలుపెట్టాలి. బూడిదరంగువి వేరే జాతి కాదు, పిల్ల ఫ్లెమింగోలే.

నీటి లోతు తప్పక రాయండి. ఫ్లెమింగోలు తల కిందికి వంచి, లోతు తక్కువ నీళ్లలో మేతను వడకట్టి తింటాయి. వానలు బాగా పడి నీళ్లు లోతైతే వేరే చోటికి జరుగుతాయి. లోతు రాయని లెక్క చూసి పక్షులు తగ్గిపోయాయని తేల్చడం మామూలుగా జరిగే పొరపాటు.

సాయంత్రం నేలపట్టు. 1976లో అభయారణ్యమైన ఈ చోట పక్షులను కాదు, గూళ్లను లెక్కపెట్టాలి. మేతకు పోయినవి కనిపించవు, గూడు మాత్రం కదలదు. పిల్లలున్న గూడు, పెద్దది కూర్చున్న గూడు, ఖాళీ గూడు: మూడూ వేర్వేరుగా రాయండి. ఎదిగిన పిల్ల దూరానికి పెద్దదానిలాగే ఉంటుంది, పెద్దవాటిలో కలపకండి. వాచ్ టవర్ దిగి, గూళ్లున్న నీటికడప చెట్ల దగ్గరికి పోవద్దు. తల్లి లేచిందంటే కాకి గుడ్డు ఎత్తుకుపోతుంది.

తిరుగుదారిలో ఆయకట్టు రైతులను పలకరించండి. రెట్టలు కలిసిన చెరువు నీళ్లు పైరుకు బలమని వాళ్లు ఈ పక్షులను కనిపెట్టుకునే ఉంటారు. ఈ ఏడు మొదటి గూడబాతు ఏ నెలలో దిగిందో అడిగి, ఆ మాట కూడా కాగితం మీద పెట్టండి.