కార్నౌబా వ్యాక్స్ వేసినా కారు మెరవడం లేదా? రంగును బట్టి సమస్యలు, పరిష్కారాలు

నలుపుకు ఏ వ్యాక్స్, తెలుపుకు ఏ వ్యాక్స్ అని వెతికే ముందు కారు కడిగి ఆరబెట్టండి. చేతికి పల్చని ప్లాస్టిక్ కవర్ తొడుక్కుని బానెట్ మీద మెల్లగా నిమరండి. గరగరలాడితే ఇనుప రజను, తారు చుక్కలు, చెట్ల జిగురు పెయింట్‌కి అతుక్కుని ఉన్నట్టు. మురికిని లాగేసే బంకమట్టి లాంటి క్లే బార్‌తో వాటిని తీయకుండా ఎంత ఖరీదైన వ్యాక్స్ వేసినా ఆ గరుకు మీదే కూర్చుంటుంది. నిమిషం కూడా పట్టని ఈ పరీక్ష వదిలేసి డబ్బా మీద డబ్బా మార్చేవాళ్లే ఎక్కువ.

తెలుపు, సిల్వర్ కార్లపై తేడా కనబడటం లేదు

వ్యాక్స్ చెడ్డదేం కాదు. కార్నౌబా అంటే ఒక రకం తాటిజాతి చెట్టు ఆకుల నుంచి తీసే మైనం. దాని గొప్పతనమంతా రంగుకు లోతు తేవడంలో ఉంది. అది నలుపు, ముదురు నీలం, ఎరుపుల మీద కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. లేత రంగు కాంతిని ఎలాగూ వెనక్కి కొడుతుంది కాబట్టి లోతు తెలియదు. ముందు సింథటిక్ సీలెంట్ (రసాయనాలతో చేసిన రక్షణ పూత) వేసి, 12 నుంచి 24 గంటలు ఆగి, పైన పల్చగా కార్నౌబా వేయండి. వరస తిరగేస్తే వ్యాక్స్‌లోని నూనెల మీద సీలెంట్ పట్టదు. వ్యాక్స్ పసుపుగా ఉందని భయపడకండి, పల్చని పూతతో తెల్ల కారు పచ్చబడదు.

ముదురు రంగుపై కొన్ని గంటలకే మసక, చారలు

ఎక్కువ పూశారు. కార్నౌబా చాలా గట్టి మైనం, కరగాలంటే 82 నుంచి 86 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. పూయడానికి వీలుగా దాన్ని సాల్వెంట్లు, నూనెలతో కలుపుతారు. ‘100 శాతం కార్నౌబా’ అని రాసినా డబ్బా అంతా కార్నౌబా ఉండదు. పూత మందమైతే లోపల చిక్కుకున్న నూనె తర్వాత పైకి ఊరుతుంది. మర్నాడు పొద్దున బానెట్ చల్లగా ఉన్నప్పుడు మైక్రోఫైబర్ గుడ్డను కాస్త తడిపి తుడవండి, ఆ వెంటనే పొడి గుడ్డతో తుడవండి. ఈసారి నీడలో, కంటికి ఆనీ ఆననంత పల్చగా పూయండి. వేలితో గీస్తే ఆ చోటు శుభ్రంగా వస్తే తుడవొచ్చు, అలుక్కుపోతే ఇంకా ఆగాలి. రెండో పూత ఒక రోజు తర్వాతే. తొందరపడితే అందులోని సాల్వెంట్ మొదటి పూతను కరిగిస్తుంది.

మొదటి రోజు అద్దంలా ఉంది, రెండు మూడు వాషులకే సాలెగూడు గీతలు

అందరూ బోల్తాపడేది ఇక్కడే. వ్యాక్స్ నిలవడం లేదనుకుని నెలనెలా మళ్లీ వేస్తారు, గీతలు ఇంకా పెరుగుతాయి. చాలాసార్లు కారణం ఆ డబ్బాలో ఉన్నది ఉత్త వ్యాక్స్ కాకపోవడం. అది క్లీనర్ వ్యాక్స్, అంటే సన్నని రాపిడి పొడి కలిసినది. ఆ పొడి క్లియర్ కోట్ (రంగు మీద ఉండే పారదర్శక పొర) మీద సన్నని గీతలు పెడుతుంది, అందులోని నూనెలే ఆ గీతల్ని నింపి దాచేస్తాయి. నాలుగు రోజులు నిగనిగలాడుతుంది. షాంపూకు నూనెలు పోగానే పాత గీతలు, కొత్త గీతలు కలిసి ఎండలో బయటపడతాయి. తెల్ల కారులోనూ ఇదే జరుగుతుంది, కంటికి ఆనదంతే. నలుపు మాత్రం దేన్నీ దాచదు. క్లియర్ కోట్ మామూలుగా 35 నుంచి 50 మైక్రాన్ల మందమే, ప్రతిసారీ అందులోంచే కొంచెం పోతుంది.

లేబుల్ మీద ‘క్లీనర్’, ‘వన్ స్టెప్’, ‘పాలిష్ అండ్ వ్యాక్స్’ అని ఉన్నా, ‘వెలిసిన పెయింట్‌ను సరిచేస్తుంది’ అని ఉన్నా రాపిడి పొడి ఉందనే అనుకోండి. ‘క్లియర్ కోట్‌కు సురక్షితం’ అంటే పొడి లేదని కాదు. లేత రంగులకని అమ్మే కొన్నింట్లో క్లీనర్ పాలు ఎక్కువ, అలాంటివి నల్ల కారుకు వాడొద్దు.

నిర్ధారించుకోవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నీళ్లు సమానంగా కలిపి అరచేతి మేర తుడిచి టార్చి వేయండి. తుడిచిన చోట గీతలు కనిపించి పక్కన కనబడకపోతే నూనెలు దాస్తున్నాయని అర్థం. మెత్తని ఫోమ్ ప్యాడ్‌తో చాలా సన్నని రాపిడి ఉన్న ఫినిషింగ్ పాలిష్‌ను ముందు ఒక మూల ప్రయత్నించి, సరిపోతే రెండడుగుల చదరం చొప్పున చేసుకుంటూ పోండి. ఆల్కహాల్ మిశ్రమంతో మళ్లీ తుడిచి, టార్చిలో గీతలు లేవని చూశాకే రాపిడి లేని కార్నౌబా వేయండి. ఈ తనిఖీ వదిలేస్తే పనంతా వృథా. గీతలు మళ్లీ వస్తుంటే కడిగే గుడ్డను, బకెట్‌లో ఇసుకను చూడండి.

మిగతావి

ఎర్ర కారు తుడిస్తే గుడ్డ ఎర్రబడుతోందా? క్లియర్ కోట్ లేని సింగిల్ స్టేజ్ పెయింట్ అయ్యుండొచ్చు, లేదా క్లియర్ కోట్ అరిగిపోయింది. నల్ల ప్లాస్టిక్ అంచుల మీద తెల్లటి మరకలైతే మెత్తటి బ్రష్, ఆల్‌పర్పస్ క్లీనర్ చాలు, ఇకమీదట ముందే టేప్ వేయండి. రూఫ్ మీద పొరలు లేస్తుంటే వ్యాక్స్ పనికిరాదు, రీపెయింటే. కొత్తగా రీపెయింట్ చేయించినదైతే పెయింటర్ చెప్పిన గడువు వరకు ఆగండి. మ్యాట్ ఫినిష్‌కు కార్నౌబా వేయనే వేయొద్దు.